పదిహేను మొహమాటపు ఓట్లు

ఎన్నికల పనిలో కొత్తగా చేరే మనవాళ్ళ పిల్లలు నన్ను కలిసినప్పుడు మొదట అడిగేది ఒకటే: "ఆంటీ, కౌంటింగ్ బోర్ కొట్టదా?" కొడుతుంది. రోజంతా కాగితాలు విప్పి, సరిచూసి, కట్టలు కట్టి, మళ్ళీ విప్పి లెక్కపెట్టే పని అది. విసుగు పుట్టకపోతే మీరు సరిగ్గా చేయడం లేదని అర్థం. ఆ విసుగులోంచి నాకు దొరికినవి కొన్ని ఉన్నాయి. అవి మీకు పనికొస్తాయని రాస్తున్నాను.

అడిలైడ్‌లో ఎన్నికల కార్యాలయంలో ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. 1980 ఆగస్టులో చేరాను, 2006 ఆగస్టులో మానేశాను. ఏ సంవత్సరం ఏ కుర్చీలోకి మారానో రాస్తే మీకు నిద్ర వస్తుంది, నాకూ వస్తుంది. మా పైఅధికారి ఒకావిడ గురించి, తేనెటీగలు పెంచే ఒక అభ్యర్థి గురించి, ఆ తర్వాత ముఖ్యంగా 2000 మార్చిలో మన తెలుగు సంఘానికి నేను జరిపించిన ఒక చిన్న ఎన్నిక గురించి చెబుతాను. పార్లమెంటు ఎన్నికలు పది చూశాను కానీ, చిన్న పార్టీ వాడి ఓటుకు విలువ ఎక్కడుంటుందో నాకు తెలిసింది ఆ సంఘం హాల్లోనే.

జోన్

మా ఆయన యూనివర్సిటీలో పాఠాలు చెప్పడానికి ఇక్కడికి వచ్చారు. వాల్తేరులో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ చేసిన నేను ఇంట్లో కూర్చోలేక, ఓట్ల లెక్కింపుకు తాత్కాలికంగా మనుషులు కావాలన్న ప్రకటన చూసి వెళ్ళాను. అక్కడ రిటర్నింగ్ అధికారి జోన్. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ చేతిలో రబ్బరు బ్యాండ్లతో ఉండేది. నా పేరు వైదేహి అని చెబితే రెండుసార్లు ప్రయత్నించి "వై" దగ్గర ఆగిపోయింది. పదహారేళ్ళు అలాగే పిలిచింది.

మొదటి వారంలోనే నన్ను అడిగింది.

"వై, ఈ లెక్క ఎవరి కోసం చేస్తున్నాం?"

"గెలిచినవాళ్ళ కోసం" అన్నాను.

"గెలిచినవాడికి లెక్కతో పనేముంది? వాడు పార్టీకి వెళ్ళిపోతాడు. ఓడినవాడు ఇంటికెళ్ళి ఈ అంకెల్ని పదిసార్లు చదువుకుంటాడు. వాడికి అర్థమయ్యేలా చెయ్యి."

ఈ దేశంలో ఓటరు అభ్యర్థులకు ఒకటి, రెండు, మూడు అని వరుసగా అంకెలు వేస్తాడు. మన దగ్గర పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ప్రాధాన్య ఓట్లు వేసినట్టే. అందరికంటే తక్కువ వచ్చినవాణ్ణి తీసేసి, అతని కాగితాల మీద రెండో అంకె ఎవరికుంటే వాళ్ళకు ఆ ఓటు చేరుస్తారు. అలా తొలి రౌండ్లోనే వెళ్ళిపోయే ఒక అభ్యర్థి ఉండేవాడు. కొండల వైపు తేనెటీగలు పెంచుకునే మనిషి. చెట్లు నరకొద్దనే ఒక చిన్న పార్టీ తరఫున మూడుసార్లు నిలబడి మూడుసార్లూ అట్టడుగున వచ్చాడు. ఓడిన మర్నాడు ఉదయం ఒక సీసా తేనె పట్టుకుని ఆఫీసుకు వచ్చేవాడు. జోన్ ఆ సీసాను ముట్టుకునేది కాదు, లంచమవుతుందని. కానీ అతని ఓట్ల కట్ట ఎటు ఎంత పంచిందో బల్ల మీద అంకెలు పరిచి చూపించేది.

మూడోసారి అతను ఆ అంకెలను వేలితో మళ్ళీ కూడి చూసుకున్నాడు. తర్వాత, "అంటే గెలిచినాయన నా భుజాల మీద నిలబడ్డాడన్నమాట" అన్నాడు.

"ఆ సంగతి ఆయనకు చెప్పడం నా పని కాదు. నువ్వు చెప్పుకో" అంది జోన్.

అతను చెప్పుకున్నాడు. ఆ తర్వాత అక్కడి చెట్ల విషయంలో గెలిచినాయన రెండుసార్లు కొండమీదికి వెళ్ళి చూసొచ్చాడని పేపర్లో చదివాను. అంతకుమించి ఏం జరిగిందో నాకు తెలియదు కాబట్టి రాయను.

రెండు గదుల కోసం

1999 వచ్చేసరికి ఊళ్ళో మనవాళ్ళ సంఖ్య పెరిగింది. అంతకుముందు ఉన్నవాళ్ళు డాక్టర్లు, ఇంజనీర్లు, ప్రొఫెసర్లు. కొత్తగా వచ్చినవాళ్ళు కంప్యూటర్ పిల్లలు. 2000 సంవత్సరం రాగానే పాత ప్రోగ్రాములు తారీఖు తప్పుగా చదువుతాయన్న భయంతో కంపెనీలన్నీ హైదరాబాదు నుంచి మనుషుల్ని కాంట్రాక్టు మీద తెప్పించుకున్నాయి. జనవరి ఒకటి వచ్చింది. ఏమీ కూలలేదు. ఫిబ్రవరికల్లా చాలామంది కాంట్రాక్టులు అయిపోయాయి. ఇంకో ఉద్యోగం దొరికేదాకా అద్దె కట్టలేక ఒకరి గదిలో నలుగురు సర్దుకునేవారు.

వాళ్ళలో నాగమణి ఒకతె. వరంగల్ పిల్ల. ఏడాదిపాటు తారీఖులు పరీక్షించే పని చేసి, ఆ పని చక్కగా పూర్తిచేసినందుకే ఉద్యోగం పోగొట్టుకుంది. భర్తతో కలిసి కరీముల్లా గారి కొట్టు పైన, బియ్యం బస్తాల పక్కన ఉండేది. అప్పటికి ఆమెకు ఐదో నెల కడుపు.

కరీముల్లా గారిది ప్రొద్దుటూరు. ఊరికి ఉత్తరాన పచ్చళ్ళు, పప్పులు, హలాల్ మాంసం అమ్మే కొట్టు నడిపేవారు. పదకొండేళ్ళుగా ఇక్కడే ఉన్నారు. కొత్తగా విమానం దిగినవాడు ఎవడైనా ముందు ఆయన కొట్టుకే వచ్చేవాడు.

మన సంఘానికి సొంత హాలు ఉంది. హాలు వెనక రెండు గదులు, ఒక బాత్రూము. వాటి నిండా ఉగాది నాటకాల తెరలు, విరిగిన కుర్చీలు. ఉద్యోగం లేనివాళ్ళు ఒకటి రెండు నెలలు తలదాచుకోవడానికి ఆ గదులు ఇమ్మని కరీముల్లా గారు రెండుసార్లు అడిగారు. అధ్యక్షులు శేషగిరి గారు రెండుసార్లూ "కమిటీలో పెడదాం" అన్నారు. కమిటీలో కొత్తవాళ్ళ తరఫున మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేరు.

ఆ కమిటీలోకి ఎలా వెళ్ళాలన్నదే ప్రశ్న. నిబంధనలు ఇలా ఉన్నాయి. ప్రతి ప్యానెల్ అధ్యక్ష పదవికి ఒక పేరు ఇవ్వాలి. ఓటు కాగితం మీద ఆ ప్యానెల్ వరుసలో ఆ పేరు అచ్చవుతుంది. గెలిచిన అధ్యక్షుడి ప్యానెల్‌దే కమిటీ. అయితే ఓడినా సరే, చెల్లిన ఓట్లలో పదోవంతు ఏ ప్యానెల్ వరుసలో పడితే ఆ ప్యానెల్‌కు కమిటీలో ఒక చోటు ఇవ్వాలి. సంఘం పెట్టినవాళ్ళు ఎవరో మంచి మనసుతో రాసిన నిబంధన అది.

ఆ ఏడు శేషగిరి గారి మీద డాక్టర్ రామ్మోహన్ గారు పోటీకి దిగారు. ఎన్నిక జరిపించమని ఇద్దరూ కలిసి నన్ను అడిగారు. ఎన్నికల ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ నేను ఏ సంఘంలోనూ సభ్యత్వం తీసుకోలేదు కాబట్టి ఒప్పుకున్నాను. ఇక్కడి పద్ధతిలో అంకెలు వేయిద్దామా అని అడిగితే శేషగిరి గారు చెయ్యి అడ్డంగా ఊపారు.

"అంకెలు వెయ్యమంటే మనవాళ్ళు మార్కులు వేస్తారమ్మా. ఒకడికి డెబ్భై, ఒకడికి ముప్పై అయిదు. మన టిక్కు మనకుండనీ."

సరే, టిక్కే అనుకున్నాం. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం కరీముల్లా గారు నాగమణిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు.

"మేడమ్, నాకు తెలీక అడుగుతాండా. నేను నిలబడితే ఏమైతాది?"

"డాక్టరు గారికి పడాల్సినవే మీకు కొన్ని పడతాయి. శేషగిరి గారు గెలుస్తారు."

"నిలబడకపోతే?"

"మీ వరుస ఉండదు. పదోవంతు మాటే రాదు."

"అంటే నిలబడితే నేను చెడగొట్టినోణ్ణి, నిలబడకపోతే నేను లేనోణ్ణి. ఇదేం న్యాయం మేడమ్?"

నాగమణి అంతవరకూ కిటికీలోంచి చూస్తోంది. అక్కణ్ణుంచే అంది. "ఆంటీ, ఒకటి అడుగుత, నవ్వొద్దు. మా వరుసల గూడ డాక్టర్ సాబ్ పేరే పెడ్తే? పేరు ఒకటే, వరుసలు రెండు. మా వాళ్ళు మా వరుసల ఏస్తరు, వాళ్ళ వాళ్ళు వాళ్ళ వరుసల ఏస్తరు. లాస్టుకు రెండూ కలుపుడే. కోడ్‌ల అయితే సింపుల్."

నేను నవ్వలేదు. నిబంధనల పుస్తకం తీసి ప్రతి వాక్యం చదివాను. ఒక ప్యానెల్ ఒక పేరు ఇవ్వాలని ఉంది. రెండు ప్యానెళ్ళు ఒకే పేరు ఇవ్వకూడదని ఎక్కడా లేదు. అప్పటికి నాలుగేళ్ళ ముందే రిటైరైన జోన్‌కు ఫోన్ చేశాను.

"మన పార్లమెంటు ఎన్నికల్లో కుదరదు. అభ్యర్థి పేరు ఒక్కసారే అచ్చవుతుంది" అంది. "కానీ న్యూయార్క్‌లో ఎప్పటినుంచో ఉంది. ఫ్యూజన్ అంటారు. చిన్న పార్టీ పెద్ద పార్టీ అభ్యర్థినే తన వరుసలో నిలబెడుతుంది. ఓట్లు కలుపుతారు, కానీ ఏ వరుసలో ఎన్ని పడ్డాయో విడిగా చెబుతారు. మీ నిబంధన అడ్డం లేకపోతే నువ్వెవరు అడ్డం?"

డాక్టరు గారు ఒప్పుకున్నారు. ఒప్పుకోక ఏం చేస్తారు, పోయేదేమీ లేదు. శేషగిరి గారు మాత్రం నన్ను పిలిచి, "ఇదేమిటి వైదేహి గారూ, ఒక పెళ్ళికొడుక్కి రెండు పీటలా?" అన్నారు.

"పెళ్ళికొడుకు ఒక్కడే అయినప్పుడు నిబంధనకు అభ్యంతరం లేదండి" అన్నాను.

కట్టలు విప్పినప్పుడు

మార్చి రెండో ఆదివారం సర్వసభ్య సమావేశం. ఉదయం ఓటింగు. ఇడ్లీ, చట్నీ, క్రికెట్ కబుర్లు. మధ్యాహ్నం రెండింటికి పెట్టె తెరిచాను. బల్ల చుట్టూ శేషగిరి గారు, డాక్టరు గారు, కరీముల్లా గారు, ఆయన ప్యానెల్ తరఫున లెక్క చూడటానికి నాగమణి. మిగతా జనం హాలు అవతలి సగంలో.

లెక్కపెట్టేముందు ప్రతి కాగితాన్నీ విప్పి, చెల్లుతుందో లేదో చూడటం నా పద్ధతి. మొదటి యాభై కాగితాల్లోనే రెండు చోట్ల టిక్కు ఉన్న కాగితం ఒకటి వచ్చింది. డాక్టరు గారి సొంత వరుసలో ఒక టిక్కు, కరీముల్లా గారి వరుసలో డాక్టరు గారి పేరు ఎదుట ఇంకో టిక్కు. పక్కన పెట్టాను. కాసేపటికి ఇంకొకటి. ఆ తర్వాత ఇంకొకటి.

శేషగిరి గారు ముందుకు వంగారు. "రెండు టిక్కులు. చెల్లదు."

"ఇద్దరు మనుషులకు వేస్తే చెల్లదండి. ఇక్కడ మనిషి ఒక్కడే."

డాక్టరు గారు కాగితం చూసి నవ్వడం మొదలుపెట్టారు. ఆయనది కాకినాడ, నవ్వితే హాలంతా వినిపిస్తుంది. "ఇది మొహమాటమండీ బాబూ. మావాళ్ళూ ఈ ఓటర్ల ఇంటికి వెళ్ళారు, కరీముల్లా గారి వాళ్ళూ వెళ్ళారు. ఇద్దరికీ కాఫీలిచ్చి 'మా ఓటు మీకే' అన్నారు. మాట తప్పడం ఇష్టంలేక రెండుచోట్లా గుద్దేశారు."

అందరం నవ్వాం. ముప్పై ఏళ్ళు ఇక్కడే ఉన్నా మనవాళ్ళు ఎదుటి మనిషికి లేదు అని చెప్పలేరు. రహస్యంగా వేసే ఓటులో కూడా చెప్పలేకపోయారు.

నవ్వు ఆగాక అసలు ప్రశ్న మిగిలింది. ఓటు డాక్టరు గారిదే, సందేహం లేదు. కానీ ఏ వరుసకు రాయాలి? పదోవంతు తేలేది వరుసల మీదే. అక్కడే పనంతా ఆపేశాను. కాగితాలన్నీ బోర్లా పెట్టించాను. అప్పటికి ఎవరికి ఎన్ని అన్నది ఎవరికీ తెలియదు. రెండు టిక్కులవి మొత్తం ఎన్ని ఉన్నాయో కూడా తెలియదు. నిర్ణయం జరగాల్సింది ఆ క్షణంలోనే.

"పై వరుస మాది కదండీ, పైదానికే రాయండి" అన్నారు డాక్టరు గారు.

"ఎందుకు? పైన అచ్చేస్తే పెద్దదైపోయిందా?" నాగమణి అందుకుంది. "సగం మీకు, సగం మాకు. ఏం పోతది?"

నేను ఆలోచించి నా మాట చెప్పాను. ఆ ఓటు మనిషికి చేరుతుంది. ఏ వరుసకూ చేరదు. పదోవంతుకు మాత్రం చెల్లిన ఓట్లన్నీ లెక్కలోకి వస్తాయి. ఏ వరుస అన్నది ఓటరు చెప్పలేదు. ఓటరు చెప్పని మాటను మనం అతని నోట్లో పెట్టకూడదు.

కరీముల్లా గారు గడ్డం నిమురుకుంటూ నన్నే చూశారు. "మేడమ్, ఈ పద్ధతి మాకు లాభమా, నష్టమా?"

"తెలియదు. తెలియనప్పుడే ఒప్పుకోవాలి."

"అయితే సరే. ఒప్పుకుంటాండా. తెలిసినాక నేనూ మంచోణ్ణి కాను."

పిల్లలూ, ముప్పై పేజీల శిక్షణ పుస్తకంలో చెప్పేదంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఎవరికి లాభమో తెలియకముందే పద్ధతి ఖాయం చేసుకోండి. తెలిశాక మనలో ఎవరమూ మంచివాళ్ళం కాము.

ముప్పై ఎనిమిది

చెల్లిన ఓట్లు నాలుగు వందల పన్నెండు. శేషగిరి గారికి నూట ఎనభై ఎనిమిది. డాక్టరు గారి సొంత వరుసలో నూట డెబ్భై ఒకటి. కరీముల్లా గారి వరుసలో ముప్పై ఎనిమిది. రెండు టిక్కులవి పదిహేను. డాక్టరు గారికి మొత్తం రెండు వందల ఇరవై నాలుగు.

పదోవంతు దాటాలంటే నలభై రెండు కావాలి. నాలుగు తగ్గాయి.

నాగమణి నాకన్నా ముందే లెక్క కట్టేసింది. "సగం ఇచ్చినా నలభై అయిదు దాటేది గదా ఆంటీ" అంది. కరీముల్లా గారు ఆమె భుజం తట్టి, "అనుకున్న మాట అనుకున్నదే బిడ్డా" అన్నారు. ఆయన మొహం చూడలేక నేను కాగితాలు సర్దాను. నా పద్ధతి తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు. అయినా ఆ పిల్ల మళ్ళీ బియ్యం బస్తాల పక్కకే వెళ్ళాలి.

ఫలితం చదవడానికి లేచాను. మొత్తాలు చదివి ఊరుకుంటే సరిపోయేది, కానీ నేను అలా చదవను. వరుస వరుసగా, ప్రతి అంకె రెండుసార్లు, మెల్లగా చదివాను. ఆ హాల్లో కూర్చున్నవాళ్ళలో సగం మంది ప్రోగ్రామర్లు. నేను కాగితం మడిచేలోపే వెనకనుంచి ఎవరో అరిచారు.

"ముప్పై ఎనిమిది తీసెయ్యండి! నూట ఎనభై ఆరు! డాక్టరు గారు రెండు ఓట్లతో పోయేవారు!"

హాలంతా ఒక్కసారి గోల. డాక్టరు గారికి దండలు వేయబోతున్నవాళ్ళు ఆగారు. డాక్టరు గారి నవ్వు కూడా ఆగింది. అది ఆయన మీద కోపంతో అన్న మాట కాదు. లెక్క కాబట్టి అన్నారు.

అప్పుడు శేషగిరి గారు లేచారు. ఓడిన మనిషి, పైగా కోపిష్టి. ఏమంటారోనని హాలు సద్దుమణిగింది.

"డాక్టరు గారూ, నన్ను ఓడించింది మీరు కాదు. ఆ మూలన కూర్చున్న ముప్పై ఎనిమిది మంది. రెండుసార్లు నా గుమ్మం తొక్కారు, నేను పట్టించుకోలేదు. తెలివైనవాణ్ణయితే వీళ్ళ వరుసలో నా పేరే ఉండేది." నా వైపు తిరిగారు. "వైదేహి గారూ, కొత్త కమిటీ ఎప్పుడు వస్తుంది?"

"సర్వసభ్య సమావేశం ముగిసినట్టు ప్రకటించాక."

"ఇంకా ప్రకటించలేదుగా?"

"లేదండి."

"అయితే పాత కమిటీ ఇంకా బతికే ఉంది." ఆయన తన కమిటీ వాళ్ళను పేరుపేరునా పిలిచారు. ఏడుగురిలో ఐదుగురు హాల్లోనే ఉన్నారు. నిలబడే సమావేశం జరిపారు. హాలు వెనక రెండు గదులు వచ్చే ఎన్నికల వరకు ఉద్యోగం వెతుక్కుంటున్న సభ్యుల వసతికి ఇవ్వాలని తీర్మానం. ఐదుగురూ చేతులెత్తారు. ఒకాయన మరి ఉగాది తెరలు ఎక్కడ పెట్టాలని అడిగితే, "మీ గరాజులో" అన్నారు శేషగిరి గారు.

తర్వాత డాక్టరు గారితో, "ఇక రద్దు చేస్తారో, ఉంచుతారో మీ ఇష్టం. రద్దు చేసేముందు ముప్పై ఎనిమిదిని ఒకసారి గుర్తు తెచ్చుకోండి" అన్నారు.

అందులో ఉదారత ఎంత, పంతం ఎంత అని చాలామంది నన్ను అడిగారు. నేను కొలవలేదు. నాగమణి ఆ గురువారం ఆ గదిలోకి మారింది. జూలైలో అక్కడ ఉండగానే కూతురు పుట్టింది. డాక్టరు గారు రద్దు చేయలేదు. పురుడయ్యే దాకా వారానికోసారి ఆయనే వచ్చి చూసి వెళ్ళేవారు.

నా అభిప్రాయం

ఫ్యూజన్ గురించి నన్ను అడిగేవాళ్ళకు రెండు మాటలూ చెబుతాను.

మంచి ఏమిటంటే, చిన్నవాళ్ళ ఓటు పెద్దవాళ్ళ ఓట్లలో కరిగిపోదు. గెలుపులో ఎవరి వంతు ఎంతో హాల్లో ఉన్న అందరికీ వినబడుతుంది. ఓటు చీల్చాడన్న నింద కూడా ఉండదు. తేనెటీగల మనిషికి తన విలువ తెలియాలంటే జోన్ బల్ల దగ్గరికి రావాల్సి వచ్చింది. కరీముల్లా గారికి ఆ అవసరం పడలేదు.

లోపం కూడా ఉంది. ఆ వరుస లేకపోయినా ఆ ముప్పై ఎనిమిది మందీ డాక్టరు గారికే వేసేవారేమో. రెండు ఓట్లతో పోయేవారన్నది ఒక ఊహ, నిరూపణ కాదు. స్టాటిస్టిక్స్ చదివినదాన్ని కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. ఇంకొకటి, అన్నిటికంటే పెద్దది. ఎప్పుడూ పక్కవాడి పేరునే మన వరుసలో పెట్టుకుంటూ పోతే, మన మనిషి ఎలా ఉంటాడో ఎవరికీ తెలియదు. పందిరి మనది, పెళ్ళి వాళ్ళది అయిపోతుంది.

ఆ మాటే కరీముల్లా గారికీ తోచింది.

2001 సర్వసభ్య సమావేశంలో టిక్కు బదులు అంకెలు వేసే పద్ధతి తెచ్చారు. ప్రతిపాదించింది ఎవరనుకున్నారు? శేషగిరి గారే. మళ్ళీ రెండు పీటల పెళ్ళి చూడటం ఆయనకు ఇష్టం లేదు. 2002 మార్చిలో ఆయన, డాక్టరు గారు మళ్ళీ తలపడ్డారు. అప్పటికి కంప్యూటర్ ఉద్యోగాలు ఇంకా పడిపోయాయి. ఆ రెండు గదుల్లో ఆరుగురు ఉండేవారు. గదుల తీర్మానం గడువు ఆ ఎన్నికతో తీరిపోతుంది. డాక్టరు గారి కమిటీలో కొందరు గదులు ఖాళీ చేయించి లైబ్రరీ పెడదామంటున్నారు. ఆయన ఎటూ తేల్చడం లేదు.

కరీముల్లా గారు తన పేరుతోనే నామినేషన్ వేశారు. అంకెల పద్ధతిలో చెడగొట్టినవాడన్న మాట ఉండదని ఆయనకు తెలుసు. తనకు ఒకటి వేసినవాళ్ళు రెండు ఎవరికి వేస్తారన్నదే మిగతా ఇద్దరికీ ప్రాణం. ఎన్నికకు ముందు వారం ఇద్దరూ విడివిడిగా ఆయన కొట్టుకు వెళ్ళారు. శేషగిరి గారు గోంగూర పచ్చడి కొనే మిషతో, డాక్టరు గారు ఏ మిషా లేకుండా. ఆయన ఇద్దరినీ ఒకటే అడిగారు. గదులు శాశ్వతంగా వసతికే అని సభ్యులందరి ముందు చెప్పాలి. ఇద్దరూ హాల్లో మైకు పట్టుకుని చెప్పారు.

ఈసారి మూడు కాగితాల మీద నిజంగానే మార్కులు వచ్చాయి. ఒకదాంట్లో డెబ్భై, యాభై, ముప్పై అయిదు. ఫస్టు క్లాసు ఎవరిదో నాకు తెలుసు. అయినా చెల్లని ఓట్లలోనే వేశాను.

కరీముల్లా గారికి డెబ్భై అయిదు మొదటి ఓట్లు వచ్చాయి. ముగ్గురిలో చివర. అయినా పదోవంతు దాటింది కాబట్టి ఆయన ప్యానెల్‌కు కమిటీలో ఒక చోటు వచ్చింది. ఆయన్ను తీసేసి ఆ కాగితాలు పంచితే, కొన్ని ఇటు, కొన్ని అటు వెళ్ళి, డాక్టరు గారు ఎనిమిది ఓట్లతో నెగ్గారు. ఎటు ఎన్ని వెళ్ళాయో అన్నీ చదివాను. గదుల తీర్మానం ఆ సాయంత్రమే పెట్టారు. ఎవరూ వ్యతిరేకించలేదు.

ఊరికి ఉత్తరాన మాసన్ లేక్స్ టెక్నాలజీ పార్కులో ఉద్యోగం దొరికిన నాగమణి, కూతురిని చంకనేసుకుని ఓటు వేయడానికి వచ్చింది. లెక్కింపు ముగిసేదాకా ఉంది. ఆ చంటిదానికి ఇప్పుడు ఓటు హక్కుంది, నాతో ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది. నేను తెలుగులోనే జవాబిస్తాను.

నాకు ఈ ఉద్యోగం చాలా ఇచ్చింది. జోన్‌లాంటి అధికారి దొరికింది. ఓడిపోయి కూడా మర్నాడు పొద్దున్నే వచ్చి తన అంకెలు అడిగే మనుషుల్ని చూపించింది. నా మీద అనుమానం లేకుండా ఓడినవాళ్ళూ గెలిచినవాళ్ళూ నా బల్ల ముందు కూర్చున్నారు. అంతకన్నా పెద్ద జీతం ఏదీ లేదు. అందుకు ఈ దేశానికీ, ఆ హాలులోని మనవాళ్ళకూ దణ్ణం పెడతాను.

2002లో ఆ లెక్కింపు సాయంత్రం బల్ల సర్దుతుంటే కరీముల్లా గారు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఓటు కాగితం మీద తన వరుసలో అచ్చయిన తన పేరును వేలితో చూపించారు.

"చూసినారా మేడమ్? పోయినసారి మా వరుస ఓడిపోయింది. ఈసారి ఓడిపోయింది నేనే. సొంతంగా."

ఆ మనిషి అంత సంతోషంగా ఉండగా నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.